అద్దం దగ్గర పడుకునేవాడు



డిసెంబరు వచ్చింది. నూజివీడు తోటల్లో చలి అంటే మనకు సంతోషమే. రాత్రుళ్ళు చల్లబడితేనే గదా మామిడికి పూత బాగా వచ్చేది! అయితే క్రిస్మస్ కూటాలకు మన వ్యాను చింతపల్లి వైపు కొండ ఎక్కాక తగిలే చలి వేరు. అక్కడి లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దాని భావమట. సుమారు 1,000 మీటర్ల ఎత్తున్న ఊరది. కొన్నేళ్ళు అక్కడ చలి 0 డిగ్రీల దగ్గరకు దిగుతుంది.

ఊళ్ళో బస దొరకని రాత్రి మేము వ్యానులోనే పడుకుంటాం. వెనక పెద్దవాళ్ళు, ముందు సీట్లో డ్రైవరు తమ్ముడు. పక్కలకు ప్లైవుడ్ ఉంది. ముందు మాత్రం అంత పెద్ద అద్దం. లోపలి వెచ్చదనమంతా దాని గుండానే పోతుంది. అద్దానికి తగిలి చల్లబడిన గాలి కిందికి జారి, ఆ తమ్ముడి కాళ్ళ మీదికే వస్తుంది. తెల్లవారితే ఘాట్ రోడ్డు మలుపుల్లో మా అందరి ప్రాణాలూ అతని చేతుల్లోనే. అతనికి నిద్ర లేకపోతే ఎలా?

అందుకు కావలసినవి మన ఊళ్ళోనే దొరికాయి. మామిడికాయలను వరిగడ్డిలో మాగేస్తాం గదా. గడ్డికి తనంతట తాను వేడి లేదు. వేడి కాయలదే. గడ్డి మధ్య కదలకుండా నిలిచిన గాలి దాన్ని పోనివ్వదు. కదలని గాలి గాజుకంటే దాదాపు 40 రెట్లు తక్కువగా వేడిని దాటనిస్తుంది. మామిడి అట్టపెట్టెల గళ్ళలో ఉండేదీ ఆ గాలే.

ముందు పాత పేపర్లు అతికించి అద్దం కొలత తీసుకున్నాం. ఆ కొలతకు అట్టలు కోసి, రెండు పొరలుగా కలిపి, పాత చీరల బొంతలో పెట్టి కుట్టించాం. పైన సన్ వైజర్ల కింద దోపి, అంచుల్లో సందు లేకుండా లోపలినుంచి ఆనిస్తాం. బయట అద్దం మీద పట్టా కప్పితే పొద్దున్నే మంచు తుడిచే పని తగ్గుతుంది. మంచు పట్టినా వేడినీళ్ళు మాత్రం పోయకూడదు, అద్దం పగలవచ్చు. బండి తీసేముందు అన్నీ విప్పేస్తాం.

ఇంకొకటుంది, దీన్ని మరచిపోవద్దు. ఎంత చలైనా వెనక కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచే ఉంచుతాం. రాత్రంతా అందరి ఊపిరిలోని తేమ చల్లని అద్దం మీద నీరై బొంతను తడుపుతుంది. తడిసిన బొంత చలిని ఆపలేదు. బొగ్గుల కుంపటిని లోపలికి రానివ్వం. దాని విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ సందు ఉంది గదా అని కుంపటి పెట్టుకోవడానికీ వీల్లేదు. ఇంజను ఆన్‌లో ఉంచి పడుకోవడమూ అంతే ప్రమాదం.

చెరసాలలో ఉన్న పౌలు గారు తిమోతికి రాస్తూ, త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ తెమ్మన్నారు. చలికాలానికి ముందే రమ్మన్నారు. అంతటి అపొస్తలుడు, మరణం ఎదురుగా ఉన్నప్పుడు కూడా, నాకు చలి అని అడగడానికి సిగ్గుపడలేదు. అయితే అందరూ అలా అడగరు. మన డ్రైవరు తమ్ముడు ఏనాడూ అడగలేదు. అడగనివారి చలిని చూడగలిగేదే ప్రేమ.

ఆ బొంత వేడిని పుట్టించదు. లోపలున్న మనుషుల వెచ్చదనాన్ని పోనివ్వదు, అంతే. సంఘం కూడా అంతే. దేవుడు ఒక్కొక్కరిలో పెట్టిన వెచ్చదనం చెదరకుండా చుట్టూ నిలబడాలి. ఊపిరి ఆడనంతగా మాత్రం బిగించకూడదు.

ప్రియులారా, ఈ రాత్రి మీ ఇంట్లో ఒకసారి చూడండి. తలుపు సందు పక్కన ఎవరు పడుకున్నారు? వసారాలో మంచం ఎవరిది? బీరువాలో ఉన్న రెండో దుప్పటి ఎవరికోసం? ఆ మంచం లోపలికి జరపండి. ఆ దుప్పటి తీయండి.

ప్రభువు మనకు అలాంటి కళ్ళు ఇచ్చును గాక. ఆమేన్.