లీగుల విలీనము – సరిహద్దు ఊళ్ళు

తెలుగు సంఘము వారి సంచికలో ఫుట్‌బాల్ ప్రసక్తి యేమిటని కొందరు ముక్కుమీద వేలు వేసికొనవచ్చును. పద్యమును గూర్చియో, పండుగలను గూర్చియో వ్రాయవలసిన చోట బంతి వెంట పరుగెత్తుట వింతగానే తోచును. కాని ఈ విషయము హోసూరు, కృష్ణగిరి తెలుగు కుటుంబములకు మిక్కిలి దగ్గరిది. రెండు రాష్ట్రముల అంచున కాపురముండువారికి కలుపుట, విడదీయుట అనునవి నిత్యము ఇంట వినబడు మాటలు.

ఐర్లండు ద్వీపమున ఫుట్‌బాల్ సంఘము 1880లో బెల్ఫాస్టున ఏర్పడినది. 1921లో దేశము రెండు ముక్కలైనపుడు ఆటయు రెండైనది. ఉత్తరమున ఒక లీగు, దక్షిణమున ఒక లీగు. రగ్బీ ఆటకు మాత్రము నేటికిని ద్వీపమంతటికి ఒకే జట్టు కలదు. ఫుట్‌బాల్ లీగులను గూడ కలిపివేసినచో ప్రేక్షకులు పెరుగుదురు, ధనము పెరుగును, ఆట బలపడునని కొందరు వాదించుచున్నారు. ఉభయ లీగుల క్లబ్బులకు ఉమ్మడిగా సెటాంటా కప్పు అను పోటీని 2005లో ఆరంభించిరి. అది 2014తో ముగిసినది.

వాదము వినుటకు ఇంపుగా నున్నది. కాని మేము యెస్సెస్సెల్సీ ప్యాసై, ముప్పదియేండ్లకు పైగా లెక్కల పుస్తకములు వ్రాసి బ్రదికినవారము. కూడిక కనబడగానే తీసివేత యెక్కడనో చూచుట మాకు అలవాటు. యూరపు ఖండపు పోటీలకు ఒక్కొక్క సంఘము తన లీగు విజేతను పంపును. లీగులు రెండైనచో విజేతలు ఇద్దరు. 2024లో దక్షిణము నుండి షామ్రాక్ రోవర్స్, ఉత్తరము నుండి లార్న్ ఒకే యేడు కాన్ఫరెన్స్ లీగు ప్రధాన ఘట్టమునకు చేరినవి. లార్న్ ఒక చిన్న రేవు పట్టణము. ఒకే లీగు ఉండినచో ఆ పట్టణమునకు ఆ తలుపు తెరచుకొనెడిదని మేము నమ్మజాలము. ఇంతేగాక ఉత్తరమువారు శీతకాలమున ఆడుదురు, దక్షిణమువారు వేసవిలో ఆడుదురు. ఎవరి పంచాంగమును ఎవరు మార్చుకొనవలెను?

మేము పనిచేసిన కచేరీలో ఒకమారు రెండు శాఖలను కలిపిరి. ఖర్చు తగ్గునని ఉత్తరువులో వ్రాసిరి. పెద్ద శాఖ అధికారి కుర్చీ కదలలేదు. చిన్న శాఖ గుమాస్తాలము మాత్రము దినమునకు రెండు బస్సులు మారి పోవలసివచ్చినది. మా రిజిస్టర్లు అటకమీదికి పోయినవి. విలీనము అను మాట విన్నప్పుడెల్ల ఆ అటకయే మాకు జ్ఞప్తికి వచ్చును. ఇది కేవలము మా పక్షపాతమని కొట్టివేయువారు తెలుగుదేశపు ఫుట్‌బాల్ చరిత్రను చూడవచ్చును.

హైదరాబాదు ఒకప్పుడు ఈ ఆటకు రాజధాని వంటిది. అక్కడి నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన వృత్తిచేత ఉపాధ్యాయుడు. బంతిని తానే కాలితో త్రిప్పుకొనుచు పోరాదని, వెంటనే తోటివానికి అందించవలెనని నియమము పెట్టి ప్రత్యేక పోటీలు జరిపించెనని చెప్పుదురు. 1951, 1962 ఆసియా క్రీడలలో భారతదేశము స్వర్ణము గెలిచినప్పుడును, 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందినప్పుడును శిక్షకుడు ఆయనయే. 2024లో వచ్చిన మైదాన్ చలనచిత్రము వలన మన పిల్లలకు గూడ ఆ పేరు తెలిసినది, సంతోషము. రాష్ట్రముల పోటీయైన సంతోష్ ట్రోఫీని 1956-57లోను, 1957-58లోను హైదరాబాదు జట్టే గెలిచెను.

1959లో హైదరాబాదు, ఆంధ్ర సంఘములు ఒకటైనవి. రాష్ట్రమే ఒకటైన తరువాత సంఘములు వేరుగా ఉండుట ఎట్లు? కలిసిన జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీని గెలిచెను. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ పేర ఆ కప్పు మరల రాలేదు. దీనికి విలీనమే కారణమనుట అన్యాయమగును. 1963లో రహీమ్ గతించెను. తులసీదాస్ బలరామ్ అంతకు మునుపే కలకత్తా చేరియుండెను. మహమ్మద్ హబీబ్ 1966లో చేరెను. హబీబ్ 1977లో పెలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు చేసెను. ఇంతటివారు ఇల్లు విడిచి పోవుటకు కలకత్తాలో నిండు లీగు, నిండు మైదానము, జీతము ఉన్నవి. పైన రెండు సంఘములను ఒకటి చేసినంత మాత్రమున క్రింద పేటలో ఆడు కుర్రవానికి జీతము రాదు గదా!

ఇటీవలి కథ ఇంకను చిత్రమైనది. దేశమున 2007 నుండి ఐ-లీగు ఉండగా, 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చెను. రెండును 2017-18 నుండి ఒకే కాలమున నడచినవి. బెంగళూరు జట్టు ఐ-లీగును విడిచి సూపర్ లీగులో చేరెను. 2020లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ గూడ చేరినవి. విలీనమని పేరు పెట్టకయే పెద్దవి ఒకచోట చేరినవి, చిన్నవి వెనుక మిగిలినవి. ఐ-లీగు విజేత పై మెట్టు ఎక్కవచ్చునను నియమము వలన 2023లో పంజాబు, 2024లో మహమ్మదన్ స్పోర్టింగ్ పైకి వచ్చినవి. ఎక్కుట ఆరంభమైనది గాని దిగుట 2024-25 వరకును ఆరంభము కాలేదు.

మా ఇంట ఈ సూపర్ లీగు వలన పెద్ద తగవు. పెద్ద మనుమడు బెంగళూరు పక్షము, చిన్నవాడు చెన్నై పక్షము. 2018 మార్చిలో బెంగళూరు కంఠీరవ మైదానములో చెన్నైవారు ఫైనలు గెలిచినప్పుడు ఇద్దరికిని రెండు దినములు మాటలు లేవు. 2019లో పూనా క్లబ్బు మూతబడి దాని స్థానమున హైదరాబాదు క్లబ్బు వచ్చినప్పుడు, ఇంటికి పెద్దలము గనుక మేము మూడవ పక్షము పట్టితిమి. 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి హైదరాబాదు విజేతయైన రాత్రి తెలుగు వ్యాఖ్యలు మా ఇంటిలో చాల బిగ్గరగా వినబడినవి.

2023-24లో ఆ జట్టు పట్టికకు అడుగున నిలిచెను. దిగు నియమము లేనందున ఆ స్థానము చెక్కుచెదరలేదు. తుదకు 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు మార్చుకొన్నది. పూనా నుండి వచ్చిన మార్గముననే పోయినదన్నమాట. ఎక్కుట, దిగుట అనునవి లేని లీగులో క్లబ్బు ఊరికి చెందదు, స్థానమునకు చెందును. స్థానము నాణెము వలె చేతులు మారును. దిగువ లీగులో ఓడి దిగిన క్లబ్బైనను ఊరిలోనే ఉండును, మరల ఎక్కుటకు ప్రయత్నించును. ఢిల్లీకి పోయినదానిని ఏ ప్రయత్నముతో తిరిగి తెచ్చుకొనగలము?

కాబట్టి ఐర్లండువారి ప్రశ్నకు మా సమాధానము వేరొక చోట ఉన్నది. ఆ ద్వీపమున డెర్రీ అను పట్టణము ఉత్తర భాగమునకు చెందినది. సరిహద్దు మైళ్ళ దూరముననే యున్నది. అల్లరుల కాలమున తమ మైదానములో ఆడుటకు వీలులేక డెర్రీ సిటీ క్లబ్బు 1972లో ఉత్తరపు లీగును విడిచెను. పదమూడేండ్లు పెద్ద లీగు లేక గడపి, 1985లో దక్షిణపు లీగులో చేరెను. 1989లో ఆ లీగును, రెండు కప్పులను ఒకే యేట గెలిచెను. దీనికొరకు రెండు లీగులు కలియలేదు, రెండు సంఘములును కలియలేదు. ఒక్క సరిహద్దు ఊరికి అవతలి తలుపు తెరిచిరి, అంతే. కార్డిఫ్ వేల్సుదైనను ఇంగ్లండు లీగులో ఆడును. మొనాకో ఫ్రాన్సు లీగులో ఆడును.

ఇప్పుడు మన హోసూరు చూడుడు. బెంగళూరు నలువది కిలోమీటర్లు. చెన్నపట్నము సుమారు మూడువందలు. అత్తిబెలె దాటినచో వేరొక రాష్ట్రము, వేరొక సంఘము. మన కుర్రవాడు జిల్లా జట్టు కొరకు తమిళనాడు సంఘము వైపు చూడవలెను. గట్టి ఆట కావలెనన్నచో కర్ణాటక సంఘము క్రింద నడచు బెంగళూరు లీగులో ఏదో క్లబ్బు పట్టుకొనవలెను. ఒంటరిగా పోయినవాడు అక్కడివాడే అగును. హోసూరు పేరు చొక్కా మీద వేసికొని పదునొకండుగురు కలిసి పోవు దారి మాకు కనబడుటలేదు. ఇంటిలో తెలుగు, బడిలో తమిళము, సంతలో కన్నడము మాటలాడు ఈ పిల్లలు ఏ మైదానములోనైనను ఇమిడిపోగలరు. వారికి కావలసినది పోవుటకు దారి.

తమిళనాడు, కర్ణాటక సంఘములు ఒకటి కావలెనని మేము కోరము. అట్లు జరిగినచో కృష్ణగిరి జిల్లా కాగితములు మొదట ఏ అటక యెక్కునో మాకు తెలియును. హోసూరు క్లబ్బు ఒకటి బెంగళూరు లీగు అడుగు తరగతిలో చేరుటకు ఉభయ సంఘములు సమ్మతించినచో చాలును. గెలిచి పై తరగతికి పోవుట పిల్లల పని. మన సంఘము పెద్దలు దీనిని రాబోవు సమావేశములో చర్చకు పెట్టవలెను. పిల్లల తండ్రులలో పది మంది సంతకములు చేసినచో వినతిపత్రము రెండు ప్రతులుగా మేమే వ్రాసియిత్తుము. చేతివ్రాత ఇంకను చెడలేదు.