పది అరల పందెం

పోయిన ఉగాదికి నా మీద నేనే ఒక పందెం కట్టుకున్నాను. మళ్ళీ ఉగాది వచ్చేలోపల పది పుస్తకాలు చదవాలి. పదీ పది రకాలై ఉండాలి. ఒకే రకంలో రెండు చదివితే రెండోది లెక్కలోకి రాదు. పందెం అనగానే డబ్బు పోతుందని భయపడతాం. ఇందులో పోయేది రోజుకు అర్ధగంట నిద్ర, అంతే.

చదవడం నాకు కొత్త కాదు. ఎనిమిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. పెళ్ళయి కాట్టుపల్లికి వచ్చినాక కూడా దొరికిన వారపత్రికను వదల్లేదు, పొట్లం కట్టిన కాగితాన్నీ వదల్లేదు. అయితే చేతికి వచ్చేదంతా ఒకే రకం. అత్తాకోడళ్ళ సీరియల్, లేకపోతే దేవుడి కథ. వంకాయ ఎంత రుచైనా ఏడాదంతా అదే వండితే ఇంట్లో వాళ్ళు ఊరుకుంటారా? చదువూ అంతే కదా అనిపించింది.

రకాలు నేను సొంతంగా కనిపెట్టినవి కావు. మేం పోయే లైబ్రరీలో బీరువాల మీద తమిళంలో పేర్లు, పక్కన నంబర్లు రాసుంటాయి. అవేంటని మా పాప చేత అడిగించాను. అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన 1876లో లోకంలో ఉండే పుస్తకాలన్నిటినీ పది గుంపులు చేసి నంబర్లు ఇచ్చాడంట. 000 అన్నీ కలిసినవి, 100 తత్వం, 200 మతం, 300 సమాజం, 400 భాష, 500 విజ్ఞానశాస్త్రం, 600 పనికొచ్చే విద్యలు, 700 కళలు, 800 సాహిత్యం, 900 చరిత్ర, భూగోళం, ప్రయాణాలు. చానా దేశాల లైబ్రరీల్లో ఇప్పటికీ ఇదే లెక్క. మన పక్కనుంచి కూడా ఒక పెద్దాయన ఉన్నారు. 1892లో శీర్కాళిలో పుట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు ఇంకో రకం వర్గీకరణ తయారుచేసి 1933లో అచ్చు వేశారు. ఆయన పట్టుదల వల్లే 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు కడుతున్నది ఆ చట్టం ప్రకారమే. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళ అద్దెలో కూడా ఆ పైసలు కలిసే ఉంటాయి. కాబట్టి అక్కడికి పోవడానికి మనం మొగమాటపడాల్సిన పని లేదు. అది మన డబ్బుతో నడిచే చోటు.

పందేనికి మూడు షరతులు పెట్టుకున్నాను. ఒకటి, పుస్తకం తెలుగుదైనా తమిళందైనా సరే. రెండు, తమిళమైతే మా పాప పైకి చదవాలి, నేను వినాలి. మూడు, ఏ భాష పుస్తకమైనా నోటుబుక్కులో మాత్రం తెలుగులోనే రాసుకోవాలి. ఈ మూడో షరతు ఎందుకంటే మా పాప తమిళ మీడియం. 2006లో వచ్చిన తమిళం నేర్చుకునే చట్టం ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి పైకి పోతూ 2015-16 నాటికి పది దాకా చేరింది. తమిళం రావాల్సిందే, ఈ నేల మీద బతికేవాళ్ళం. కాకపోతే ఇంట్లో తెలుగు మాట్లాడే పిలకాయలకు తెలుగు అక్షరం తెలియకుండా పోతోంది. మా పాప తెలుగులో తగవు పెట్టుకోగలదు, తన పేరు మాత్రం తెలుగులో రాయలేదు.

మొదటి నెలలో 900 తీసుకున్నాను. ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. ఫోన్లో తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా ఉంది. ఈయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, పల్లకీలో కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారి పొడుగునా ఏ ఊళ్ళో సత్రముంది, ఏ ఊళ్ళో నీళ్ళు బాగుంటాయి, ఏ ఏరు ఎట్ట దాటాలి అన్నీ రాశారు. స్నేహితుడికి రాసిన జాబులే 1838లో పుస్తకమయ్యాయి. తిరుపతి పోవడానికి ఆయన పోయిన దారి మన తిరువళ్లూరు మీదే. రోజూ మనవాళ్ళు బండెక్కి పోయే ఊరు ఒక తెలుగు పుస్తకంలో 200 ఏళ్ళ కిందటే ఉందంటే, చదివిన రోజు నాకు బో సంతోషమైంది.

ఆ పుస్తకం వినేటప్పుడు పాప ఒక ప్రశ్న వేసింది. "అమ్మా, అప్పుడు మనది ఏ రాష్ట్రం?" అప్పుడంతా మద్రాసే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాతో పాటు అటు పోయింది. మా.పొ. శివజ్ఞానం గారి ఆధ్వర్యంలో పోరాటం జరిగింది. పటాస్కర్ గారి తీర్పు, 1959లో పార్లమెంటు చట్టం, ఆపైన 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మా అత్తగారి పెట్టెలో ఒక పాత పత్రం మీద చిత్తూరు జిల్లా, తిరుత్తణి తాలూకా అనుంది. ఆ ముసలివాళ్ళు ఇల్లు మారలేదు, పొయ్యి మారలేదు, రాష్ట్రం మాత్రం రెండుసార్లు మారింది. పాప ఆ పత్రంలోని తెలుగు అక్షరాలను వేలితో తడుముతూ "ఇది తి-నా?" అని అడిగింది. తెలుగు అక్షరం గురించి తను అడిగిన మొదటి ప్రశ్న అదే.

100 అరకు దూరం పోనక్కర లేదు. తత్వం అనగానే పెద్ద పెద్ద గడ్డాలు గుర్తొస్తాయి గానీ, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న పుట్టింది మన తిరుత్తణిలోనే, తెలుగు మాట్లాడే ఇంట్లో. తిరుపతిలో, వేలూరులో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా వైస్‌ఛాన్సలరై, 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన మీద ఒక చిన్న తెలుగు పుస్తకం చదివాను. తత్వం సగమే అర్థమైంది. ఆ సగమూ నాది.

000, 200 త్వరగా అయిపోయాయి. 400లో బ్రౌన్ దొర నిఘంటువు తిరగేశాను. 1852లో అచ్చయిన పుస్తకం. నిఘంటువును మొదటి నుంచి చివరి దాకా చదవరు కదా, ఇంట్లో మేం వాడే మాటలు ఒక్కొక్కటే వెతుక్కున్నాం. పాపకు ఆటలాగా ఉండింది. ఆ ఆటలోనే అచ్చులు, హల్లులు వరసగా పట్టుబడ్డాయి. నిఘంటువులో మాట దొరకాలంటే వరస తెలియాలి మరి.

800కు నామిని సుబ్రమణ్యం నాయుడు గారి మిట్టూరోడి కతలు తీసుకున్నాను. పుత్తూరులో ఉండే మా తమ్ముడు పంపించాడు. అది నేను పైకి చదివితే మా పాప నవ్వి, "ఇది అవ్వ మాట్లాడినట్టే ఉందే, పుస్తకంలో ఇట్ట రాయొచ్చా?" అంది. రాయొచ్చు. మన మాట తప్పు మాట అని బళ్ళో చెప్పించుకుని పెరిగినవాళ్ళం. అచ్చులో చూసుకుంటే వెన్ను నిటారుగా అవుతుంది. ఈ అరలో ఇంకోటి చదవాలనుకునేవాళ్ళకు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి చెబుతాను. మన పక్కనే ఉండే రాయవేలూరు జైల్లో కూర్చుని రాసిన నవల. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా.

ఇంక మిల్లు సంగతి. మిల్లు పని ఏ అరలో ఉంటుందో చూద్దామనుకుంటే, అది ఒక్కచోట లేదు. కూలీ, కార్మికులు, సంఘం అంటే 331. నూలు తీయడం, బట్ట తయారీ అంటే 677. అదే చేతిమగ్గం నేత కళగా చూస్తే 746. జబ్బులంటే 616. మనమంతా ఒకే గేటు దాటి లోపలికి పోతాం గానీ లైబ్రరీలో మూడు బీరువాల్లో ఉంటాం.

300లో నేను చదివింది కార్మిక సంఘాల చరిత్ర. 1918 ఏప్రిల్ 27న పెరంబూరు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ మొదలైంది. దేశంలో పద్ధతిగా ఏర్పడిన మొదటి కార్మిక సంఘమని దాన్నే చెబుతారు. అధ్యక్షుడు బి.పి. వాడియా. ఆయన్ను కార్మికుల దగ్గరికి తీసుకొచ్చిన ఇద్దరు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు. ఆ మిల్లు 1996లో మూతపడింది. సంఘం అంటే చందా రసీదు అనుకునే మా ఆయన కూడా ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, తరవాత ఏమైందని అడిగాడు.

600 దగ్గరికొచ్చేసరికి నేను కుట్టుపని పుస్తకం కోసం పోయాను. కుట్టు 646లో ఉంటుంది. అదే బీరువాలో కొంచెం ముందు, పనిచేసే చోట వచ్చే జబ్బుల మీద ఒక పలుచని తమిళ పుస్తకం కనబడింది. షరతు ప్రకారం పాప చదివింది, నేను రాసుకున్నాను. దూది దుమ్ము వల్ల వచ్చే ఊపిరి జబ్బును బైసినోసిస్ అంటారు. బ్లోరూమ్, కార్డింగ్‌లో దుమ్ము ఎక్కువ కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళకు ఎక్కువ వస్తుంది. మొదట్లో దాని గుర్తు ఏమిటంటే, వారం సెలవు అయిపోయి పనిలోకి పోయిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుంటుంది, మర్నాటికి తగ్గుతుంది. ఆ వాక్యం దగ్గర పాప ఆగి వాళ్ళ నాయన వైపు చూసింది. నేనూ చూశాను.

మా ఆయన 22 ఏళ్ళుగా కార్డింగ్‌లో ఉన్నాడు. సెలవు మర్నాడు ఆయాసం, తరవాత రోజుల్లో కుదురు. సెలవు రోజు చల్లటి నీళ్ళు పోసుకుంటాడు, అందుకే అని ఇంట్లో అనుకునేవాళ్ళం. చూపించిన చోటల్లా జలుబుకు మందు ఇచ్చారు. ఆ వారమే ఆస్పత్రికి పోయాం. నోటుబుక్కులో రాసుకున్న మూడు సంగతులు డాక్టరుకు చెప్పాం. ఏ డిపార్టుమెంటు, ఎన్నేళ్ళు, ఏ రోజు బిగుసుకుంటుంది. గొట్టంలోకి ఊపిరి ఊదించే పరీక్ష చేశారు. దుమ్ము తగ్గిస్తే ఈ దశలో నిలబడుతుందని చెప్పి చీటీ ఇచ్చారు. ఇప్పుడు ప్యాకింగ్‌లో పనిచేస్తున్నాడు. పూర్తిగా పోలేదు గానీ రాత్రి లేచి కూర్చోవడం తగ్గింది.

ఈ సంగతి మన అక్కచెల్లెళ్ళందరికీ తెలియాలని రాస్తున్నాను. బైసినోసిస్ పేరు 2025 దాకా అమల్లో ఉన్న ఈఎస్ఐ చట్టం మూడో షెడ్యూల్‌లో ఉండింది, 1923 నాటి నష్టపరిహార చట్టంలోనూ ఉండింది. అంటే పని వల్ల వచ్చే జబ్బుగా చట్టమే ఒప్పుకుంది. మొదట్లో పట్టుకుంటే తగ్గుతుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే ఊపిరి తిరిగి రాదు. మీ ఇంట్లో ఎవరికైనా సెలవు మర్నాడే దగ్గు, ఆయాసం వస్తుంటే, వాళ్ళు ఏ డిపార్టుమెంటులో ఎన్నేళ్ళుగా చేస్తున్నారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

రకాల వారీగా చదవమని నేను చెప్పేది ఇందుకే. నాకు నచ్చిన అర దగ్గరే నిలబడి ఉంటే ఆ పలుచని పుస్తకం నా చేతికి వచ్చేది కాదు. మనకు కావలసినది ఎప్పుడూ మనం ఇష్టపడే బీరువాలోనే ఉండదు. పందెం పెట్టుకుంటే కాళ్ళు అటు పోతాయి.

700లో నేత మీద చదివాను. మిగిలింది 500 ఒక్కటే. నండూరి రామమోహనరావు గారి విశ్వరూపం సగంలో ఉంది. నక్షత్రాల దూరాలు చదువుతుంటే కళ్ళు తిరుగుతున్నాయి, అయినా బాగుంది. ఉగాదికి ఇంకా నెలన్నర ఉంది. రాబోయే ఏడాదికి మా పాప తన పందెం చెప్పేసింది. పది కాదు, మూడు చాలంట, మూడూ తెలుగులో తనే చదువుతుందంట. మొదటిది పాత చందమామ. అది 1947 జూలైలో మద్రాసులో తెలుగులో చందమామగా, తమిళంలో అంబులిమామగా ఒకేసారి మొదలైంది. ఒకే కథ రెండు లిపుల్లో దొరికితే, తెలిసిన లిపిని పట్టుకుని తెలియని లిపిలోకి దిగొచ్చు.

మీరూ పట్టండి. పది పెద్ద లెక్క అనిపిస్తే అయిదు పెట్టుకోండి. షిఫ్టులు మారేవాళ్ళు రోజులు లెక్కపెట్టొద్దు, పేజీలు లెక్కపెట్టండి. చదువు రాని అవ్వలు ఇంట్లో ఉంటే వాళ్ళకు చదివి వినిపించండి, అది వాళ్ళ పందెంలోనూ లెక్కే. తెలుగు పుస్తకం దొరకదు అనే మాటకు ఫోనే జవాబు. పాత పుస్తకాలు వికీసోర్స్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పైసా ఖర్చు లేకుండా ఉన్నాయి. ముందు ఏ అర పట్టాలని అడిగితే 600 అంటాను. మన వంట, మన కుట్టు, మన మిల్లు, మన ఒళ్ళు అన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి.