కేసీ కాలువ గట్టున ఎలుకల కాలం

మా అమ్మ పుట్టిల్లు ఆళ్లగడ్డ పక్కన ఒక పల్లె. నంద్యాలలో బడికి సెలవులిస్తే చాలు, నేను బస్సెక్కి అక్కడికే పోయేదాన్ని. సుంకేసుల దగ్గర తుంగభద్రను విడిచి కడప దాకా పారే కేసీ కాలువే మా తాత మడులకు ఆధారం. ఒకపక్క నల్లమల కొండలు, ఇంకోపక్క కనుచూపుమేర వరి. ఆళ్లగడ్డలోకి పోతే శిల్పుల ఉలి చప్పుడు. వినాయకుడి పాదాల దగ్గర రాతి ఎలుకను చెక్కుతుంటే కదలకుండా నిలబడి చూసేదాన్ని.

మడిలో ఎలుక కథ వేరు. వరి పొట్టకొచ్చే వేళకు గట్లనిండా బొరియలు. రాత్రికి రాత్రి దుబ్బులు మొదట్లోకి కొరికి పడేసేవి, కంకులు లోపలికి ఈడ్చుకుపోయేవి. తెల్లారి తాత గట్టుమీద నిలబడి, పడిపోయిన పైరును చూసి మాట లేకుండా ఇంటికొచ్చేవాడు. ఇంట్లో పందికొక్కులు మిద్దె గోడలు తవ్వేవి, గరిసెలో గింజలు పాడుచేసేవి. అందుకే, ఎలుకను చంపిన రైతును ఈరోజుకీ నేను తప్పుపట్టలేను.

కోతలయ్యాక ఎలుకలు పట్టేవాళ్లు వచ్చేవారు. తాజా మట్టి చూసి ఏ బొరియలో ఎలుక ఉందో చెప్పేవారు. చిల్లు పెట్టిన కుండలో గడ్డి రాజేసి, బొరియలోకి పొగ ఊదేవారు. బయటికి ఉరికిన ఎలుక ఒక్క కర్రదెబ్బతో పోయేది. దాని మాంసం వాళ్లకు కూర, బొరియ అడుగున దొరికిన వడ్లు వాళ్లకు కూలి.

ఒకరోజు వీధి పిల్లలు బోనులో పడ్డ ఎలుక మీద కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీయబోయారు. అవ్వ పరుగున వచ్చి బోను లాక్కుంది. "సంపాలంటే ఒక్క దెబ్బతో సంపండిరా. దాని ప్రాణంతో ఆటలేంది మీకు?" అని గట్టిగా కసిరింది. ఆ ఎలుకను వదిలిపెట్టమని అవ్వ అనలేదు. గరిసెకు కాపలా ఆమేగదా. ఎంతవరకు పోవచ్చో, ఎక్కడ ఆగాలో మాత్రం ఆమెకు స్పష్టంగా తెలుసు.

నేను హైస్కూలుకొచ్చేసరికి నల్లటి జింక్ ఫాస్ఫైడ్ పొడి వచ్చింది. నూకలకు నూనె పట్టించి, అందులో ఈ పొడి కలిపి బొరియల్లో పెట్టేవారు. కడుపులోకి పోగానే అది ఫాస్ఫీన్ వాయువవుతుంది. దానికి విరుగుడు లేదు. తర్వాత బ్రోమాడయోలోన్ వచ్చింది. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, ఎలుక కొన్ని రోజులపాటు లోపల్లోపల రక్తం కారి చస్తుంది. అలా నీరసించిన ఎలుకను గుడ్లగూబ తన్నుకుపోతే విషం దానికీ ఎక్కుతుంది. మనకు పైసా ఖర్చు లేకుండా ఎలుకల్ని తిని పైరు కాపాడే పిట్ట అది.

ఏ ప్రాణి ఎప్పుడు శత్రువవుతుందో చెప్పలేం. మా నంద్యాల జిల్లాలోనే రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆ రక్షణలో కృష్ణజింకలూ పెరిగి చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యమే కంటగింపయింది. 1972 వన్యప్రాణి చట్టం ఎలుకలతో పాటు కాకినీ ఏ రక్షణా లేని హానికర జంతువుల పట్టికలో చేర్చింది. కర్మనాడు పిండం ముట్టాలని మనం ఎదురుచూసేదీ ఆ కాకి కోసమే. 2022 సవరణతో ఆ పట్టిక పోయింది. 1960 జంతుహింస నిరోధక చట్టం దృష్టిలో మాత్రం మనిషి తప్ప ప్రతి ప్రాణీ జంతువే. ఎలుక కూడా.

ఇప్పుడు నంద్యాల అంగళ్లలో జిగురు అట్టలు అమ్ముతున్నారు. వాటికంటుకున్న ఎలుక గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ కొట్టుకుని, చర్మం ఊడి, ఆకలితో చస్తుంది. పిచ్చుకలూ బల్లులూ కూడా వాటికే అంటుకుంటాయి. ఈ అట్టల్ని ఆపమని జంతు సంక్షేమ బోర్డు రాష్ట్రాలకు చెప్పింది. కిరసనాయిలు పోసిన పిల్లల పనికీ ఈ అట్టకూ నాకు తేడా కనబడదు.

పైరు కాపాడుకునే మంచి దారులున్నాయి. గట్లు సన్నగా, గడ్డి లేకుండా ఉంచితే బొరియలు తగ్గుతాయి. పైరు పొట్టకు రాకముందే ఊరంతా ఒకేసారి పూనుకుంటే తక్కువ చావుతో పని తీరుతుంది. పొలంలో కొయ్యలు పాతితే రాత్రి గుడ్లగూబ వచ్చి వాలుతుంది. జెర్రిపోతు కనబడితే కర్ర తీయకుండా పోనివ్వాలి. 1906 నుంచి వ్యవసాయ పరిశోధన జరుగుతున్న నంద్యాల నుంచి ఈ మాటలు ప్రతి పల్లెకూ చేరాలి.

రైతుకు తన గింజ కాపాడుకునే హక్కుంది. ఏ ప్రాణినైనా చిత్రహింస పెట్టే హక్కు ఎవరికీ లేదు. అంగట్లో జిగురు అట్ట కనబడితే కొనకండి, అమ్మవద్దని అంగడివాళ్లకు చెప్పండి.