తలుపులు ఊడదీసిన బీరువాలు

ఉట్నూరు ఏజెన్సీలోని ఆ సర్కారు బడిలో గ్రంథాలయమంటే ఒక మామూలు తరగతి గది. గోడవారగా ఇనప బీరువాలు. వాటికి తలుపుల్లేవు. ఊడదీయించి స్టోర్ రూములో పడేయించారట. అది విన్నాక మిగతా గదంతా తీరిగ్గా చూశాను.

మన బడుల్లో ఉన్న కాసిని పుస్తకాలైనా పిల్లల చేతికి రాకుండా చేసేది స్టాక్ రిజిస్టరు. పుస్తకం పోతే ఇన్‌ఛార్జి టీచరే జవాబు చెప్పుకోవాలి. ఆ భయంతో తాళం వేస్తారు. అందులో ఎవరికీ వివక్ష కనిపించదు. కానీ తాళం తీయమని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? గడగడా తెలుగు మాట్లాడే ముందు బెంచీ పిల్లలకు. కొలాం గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఆరో తరగతి పిల్ల చస్తే అడగదు. నిజానికి కేంద్ర ప్రభుత్వ గ్రంథాలయాలకు వర్తించే 2017 నాటి ఆర్థిక నియమాలు, ఏడాదిలో చదువరులకిచ్చిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజమేనని ఒప్పుకుంటాయి. బడి టీచరుకు అలాంటి భరోసా ఇచ్చేవాళ్లేరీ?

ఇక్కడ లైబ్రేరియన్ పోస్టు లేదు, తెలుగు మేడమే చూసుకుంటున్నారు. పుస్తకాలు పోవడం లేదా అని అడిగాను. "పోతయి సార్. దీపావళికి ఇంటికి పోయినవి దండారి ఆటలన్నీ చూసి మెల్లగ వస్తయి" అని నవ్వారు. దండారి అంటే దీపావళి రోజుల్లో ఆదివాసీ గూడేల్లో ఆడే నృత్యాలు.

గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలు ఈ గదిలో ఒకే చాప మీద కూర్చుంటారు. ఈ ప్రాంతంలో ఇంటి భాషలో చదువు కొత్త ఆలోచనేం కాదు. మార్లవాయిలో 1943లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తెచ్చారు. గుంజాల ఊళ్లో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకీ ఎక్కింది. ఇంత జరిగినా, పన్నెండేళ్ల పిల్ల సరదాగా చదువుకోవడానికి గోండి కథల పుస్తకం కావాలంటే వెతుక్కోవాల్సిందే.

అందుకని ఇక్కడ పిల్లలే తయారుచేసుకుంటున్నారు. ఇంట్లో అవ్వ చెప్పిన కథను పెద్ద తరగతి పిల్లలు తెలుగు లిపిలో గోండిలోనే రాస్తారు, ఎదుటి పేజీలో తెలుగు. బొమ్మలు చిన్నవాళ్లవి. దారంతో కుట్టి, నంబరు చీటీ అంటించి, నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాల పక్కనే అదే అరలో పెడతారు. ఆదివాసీ పుస్తకాలకు వేరే మూల కేటాయించకపోవడం నాకు మహా నచ్చింది. అలాంటి మూలలు ఫొటోలకు బాగుంటాయి గాని, అక్కడికి వెళ్లేది మళ్లీ ఆదివాసీ పిల్లలే.

ఒక బొమ్మల పుస్తకంలో అడవి మనుషులంటూ నడుముకు ఆకులు కట్టుకున్నవాళ్లను గీశారు. ఒక అమ్మాయి దాన్ని నా ముందు పెట్టి, "గిట్ల ఎవరుంటరు సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు. మేడం ఆ పుస్తకాన్ని తీసేయలేదు. పిల్లలు తమ అభ్యంతరాలు రాసిన కాగితాలు లోపల పెట్టి ఉంచారు. ఒకదానిలో, మా నాన్న ప్యాంటే వేసుకుంటాడు అని ఉంది.

ఉర్దూ పుస్తకాలను మొదట్లో ఎవరో అట్ట వెనక్కి పెట్టి సర్దేవారట. ఏడో తరగతి అబ్బాయి ఒకడు అవి ఎటునుంచి తెరుచుకుంటాయో చూపించి, ఇప్పుడు ఆ అర బాధ్యత తీసుకున్నాడు. చూపు తక్కువున్న పిల్లాడికి మాత్రం కిటికీ పక్క చోటు, ఒక భూతద్దం తప్ప ఏమీ సమకూరలేదు. నిశ్శబ్దం పాటించమన్న బోర్డు ఎక్కడా లేదు. ఉన్నా ఎవరూ పాటించేలా లేరు, నేనున్నంతసేపూ మూడు భాషల్లో గట్టిగా చదువుతూనే ఉన్నారు.

బయల్దేరుతుంటే మేడం మరాఠీ బాలల పుస్తకాలు ఏమైనా పంపగలరా అని అడిగారు. కొని పంపుతానన్నాను.

"కొనకండి సార్. ఎవరింట్లనన్న పిల్లలు చదివి పక్కన పెట్టినవి చాలు. కొత్తవైతే బిల్లు, బిల్లుంటే రిజిస్టరు."