ఏ నీళ్లు మంచివి?

మా నార్కట్‌పల్లి వాళ్ల వాట్సాప్ ముచ్చట్లలో రాజకీయాల కంటే నీళ్ల మీదనే వాదన ఎక్కువ. నేనెన్నడూ చూడని ఒక అన్న, హైదరాబాద్‌లో ఉంటాడు, కాగబెట్టి తాగితే చాలంటాడు. కాగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదన్నా! నీళ్లు ఆవిరైన కొద్దీ దాని పాలు ఇంకా పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు. ఈ సంగతి మా నల్లగొండ జిల్లాకు వేరే చెప్పాలా? పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేస్తే, దానికి పడ్డ పేరు ‘నల్గొండ టెక్నిక్’. గర్వపడాలో ఏడ్వాలో!

ఆర్వో ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను ఆపుతుంది, నిజమే. కానీ బిందెడు మంచినీళ్ల కోసం అంతకన్నా ఎక్కువే మోరీపాలు చేస్తుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరుకైతే సరే. ఇంట్లోకి సర్కారు మిషన్ భగీరథ నల్లా వచ్చినంక కూడా ఆర్వో ఎందుకట? రుచి కోసమట.

మా అమ్మ ఆర్వో నీళ్లు, నల్లా నీళ్లు రెండూ వద్దంటది. ఆమెకు ఇరవై లీటర్ల డబ్బానే కావాలి. అది ఏ బోరు నీళ్లో అడిగినవా అమ్మా అంటే, తెచ్చే పిలగాడు మంచోడే అంటది.