లంక చుట్ట రుచి

గోదావరి పేరెత్తితే పులస, పూతరేకులు, పాపికొండలు అని వరసగా చెప్పేస్తారు గాని, లంక పొగాకు సంగతి ఇప్పుడెవరూ ఎత్తరు. మన తాతల నాడు అలా కాదు. విడిదింట్లో మగపెళ్లివారికి కాఫీ ఆలస్యమైనా సర్దుకునేవారు గాని, చుట్టల కట్ట ఆలస్యమైతే అలిగి కూర్చునేవారని మా ఇంట్లో పెద్దలు చెప్పుకునేవారు. గిరీశం చేతిలో చుట్ట లేకపోతే కన్యాశుల్కం వెలవెలబోతుంది. లంక ఆకు ఓడలెక్కి బర్మా దాకా వెళ్లిన రోజులు కూడా ఉన్నాయి.

ఇంత పేరుపడ్డ చుట్టకు మంచీ చెడ్డా ఎలా ఎంచుతారో తెలుసుకుందామని 2024 ఫిబ్రవరిలో రాజమండ్రి దగ్గర ఒక లంకకు వెళ్లాను. లంక పేరు రాయను. రాస్తే నాకు పాఠం చెప్పిన పెద్దాయన ఎవరో ఆ చుట్టుపక్కల ఇట్టే తెలిసిపోతుంది. అది ఆయనకు ఇష్టం లేదు.

రేవు నుంచి పడవ మీద అరగంట. దూరాన పాత హేవలాక్ వంతెన కనిపిస్తూంటుంది. 1900లో మొదలైన ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. స్తంభాలు మాత్రం నీళ్లలో వరసగా నిలబడే ఉన్నాయి. పడవ ఇసుక తిన్నెకు ఆనింది. తిన్నె దాటి గట్టెక్కితే నల్లని నేల, మెత్తగా, మీగడ పేరుకున్నట్టు.

లంక అంటే గోదావరి తెచ్చిపెట్టిన భూమి. వానాకాలంలో నది పొంగి, పొలాల మీద ఒండ్రు పరిచి, వెనక్కి తీస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ పదునులోనే పొగనారు నాటుతారు. మొక్క పూతకు వచ్చేసరికి తల తుంచి, పిలకలు గిల్లేస్తారు. దాంతో బలమంతా ఆకులోకి దిగుతుంది. సముద్రం పక్కన ఉప్పు నేలలో పొగాకు ఏపుగా పెరిగినా ఆ ఆకు సరిగా కాలదు. నేలలో ఉన్న క్లోరైడు ఆకులో చేరి నిప్పు పట్టనివ్వదు. పొటాషు ఉన్న ఆకైతే నిప్పు నిలుపుకుంటుంది. లంక నేలకు పేరు రావడానికి ఏటేటా కొత్తగా వచ్చే ఒండ్రు ఒక కారణం.

రెలిచిన ఆకును తోరణాలు కట్టి పాకలో వారాల తరబడి ఆరబెడతారు. పచ్చదనం పోయి పసుపు, పసుపు పోయి ఇటికరాయి రంగు వచ్చాక మండె వేస్తారు. మండెలో ఆకు తన వేడికి తానే మగ్గుతుంది. అప్పుడు అమ్మోనియా వాసన ముక్కు పగలగొడుతుంది. వేడి మితిమీరకుండా మండె విప్పి, లోపలి ఆకు పైకీ, పై ఆకు లోపలికీ తిరగవేసి, మళ్లీ పేర్చాలి. ఇది ఒక్కసారితో అయ్యేది కాదు. ఓపిక లేనివాడి మండెలో మంచి ఆకు కూడా చెడుతుందిట.

పెద్దాయనకు ఎనభై దాటాయి. పాక ముందు మంచం మీద కూర్చుని, ఈనె తీసిన ఆకును తొడ మీద పరిచి చుట్ట చుడుతున్నాడు. నోట్లో మాత్రం చుట్ట లేదు. ఏడేళ్ల కిందట అంగిట్లో తెల్లమచ్చ కనిపించిందనీ, డాక్టరు చెప్పిన రోజునే మానేశాననీ అన్నాడు. ఆయన భార్యది శ్రీకాకుళం వైపు. అక్కడి పల్లెల్లో కొందరు ఆడవాళ్లు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తారు. దానివల్ల అంగిలికి కాన్సరు వస్తుందని వైద్యులు ఎప్పుడో తేల్చారు. ఆవిడ దానితోనే పోయిందిట. ఆ మాట చెప్పి ఆయన కాసేపు ఆకు సర్దుతూ ఉండిపోయాడు.

“మరి ఇంకా ఎందుకు చుడుతున్నారు తాతగారూ?” అన్నాను.

“నోరు మాన్పించానండి. చెయ్యి మానటం లేదు.”

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ వరద ఆయన చేను సగం కోసుకుపోయింది. మిగిలిన సగం మీద జానెడు ఒండ్రు పెట్టి పోయింది. ఆ శీతాకాలం అందులో పొగాకు వేశాడు. మరుసటి ఏడు మనవడు మొక్కజొన్న వేశాడు. అంటే ఆయన తొడ మీద ఉన్నది ఆ చేలో పండిన ఆఖరి పొగాకు. అది ఎలా ఉందో చూడటానికి ఆయనకు నాలుక లేదు.

“లంకలో కాల్చేవాళ్లున్నారు గదా!”

“ఉన్నారు బాబూ. నా మొహం చూసి బాగుందనే అంటారు. మీరు పైవారు. ఉన్నమాట చెప్పండి.”

పండక్కో పబ్బానికో ఒక చుట్ట కాల్చే అలవాటు నాకుంది గనక సరే అన్నాను. వెంటనే ముట్టించనిస్తాడనుకున్నారేమో! ముందు చేతికి పరీక్ష. రెండు వేళ్ల మధ్య పట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నొక్కాలి. మెత్తగా దిగి మళ్లీ పైకి రావాలి. ముడి తగిలితే అక్కడ పొగ ఆగుతుంది. బోలుగా ఉంటే సెగ ఎక్కుతుంది. తరవాత చెవికి. పెటపెటమంటే ఎండిపోయింది, చప్పుడే లేకపోతే చెమ్మ ఎక్కువైంది. ఈ చుట్ట సన్నగా గుసగుసలాడింది. ఆపైన ముక్కుకు. ఎండుగడ్డి వాసన, దాని వెనక పాతబెల్లం కుండ వాసన. ముట్టించకుండా ఒకసారి పీలిస్తే గాలి తేలిగ్గా వచ్చింది, పెదవికి కొంచెం వగరు తగిలింది.

అగ్గిపుల్ల గీసి, మందు కాలిపోయి కర్ర అంటుకున్నదాకా ఆగమన్నాడు. కిరసనాయిలు బుడ్డి మీద ముట్టించేవాడు కిరసనాయిలే కాలుస్తాడు గాని చుట్ట కాల్చడని ఆయన సిద్ధాంతం. చుట్టను తిప్పుతూ, అంచు అంతా సమంగా ఎర్రబడ్డాక మొదటి దమ్ము. పొగ మింగకూడదు, నోట్లో తిప్పి వదలాలి. మింగకపోయినా నికోటిన్ నోటి పొరలోంచి రక్తంలోకి దిగుతుందని మరవకండి. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. తొందరపడితే సెగ తగిలి రుచి మాడుతుంది.

మొదటి భాగంలో కమ్మదనం. వేయించిన ధనియాల లాంటి వాసన, దాని కింద తడిమట్టి. బూడిద తెల్లగా, గట్టిగా, అంగుళం దాకా రాలకుండా నిలిచింది. రెండో భాగానికి మిరియపు ఘాటు వచ్చింది గాని గొంతు పట్టలేదు. నాలుక చివర తీపి కూడా మిగిలింది. పెద్దాయన నా నోటి వంక చూడటం లేదు, బూడిద వంక చూస్తున్నాడు.

మూడో భాగంలో మారింది. ఏ చుట్టకైనా చివర కారం ఎక్కడం సహజమే. ఇది ఆ కారం కాదు. ముక్కులోకి పోయే అమ్మోనియా, గొంతులో గీరుడు. రెండు దమ్ములు చూసి పక్కన పెట్టేశాను.

“మొదటి రెండు భాగాలూ నేను కాల్చిన చుట్టలన్నిటి కంటే మేలండి. చివర మాత్రం ఆకు పూర్తిగా మగ్గినట్టు లేదు” అన్నాను.

నొచ్చుకుంటాడేమోనని భయపడ్డాను. ఆయన మొహం విప్పారింది! మనవడి వైపు తిరిగి, “మండె ఎన్నిసార్లు తిరగవేశావురా?” అన్నాడు.

ఆ కుర్రవాడు కాలితో మట్టి గీశాడు. “నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకటి మానేశాను తాతా. మొక్కజొన్న విత్తనాలకి పట్నం పోయాను.”

“అనుకున్నాను. ఆకు చేతికి కాస్త జిగటగా తగులుతూంటే, నా చెయ్యే ముసలిదైందేమోనని బెంగపడ్డాను.” ఇంకేమీ అనలేదు. కుర్రవాణ్ణి మజ్జిగ తెమ్మని పంపాడు. చేను తప్పు చెయ్యలేదు, తన చెయ్యీ తప్పు చెయ్యలేదు. ఆయనకు కావలసింది అదే కాబోలు.

చుట్ట కాల్చమని నేనెవరికీ చెప్పను. ఆ ఇంట్లో అది పుచ్చుకున్నదేమిటో కళ్లారా చూశాను. అయితే ఒక నది, ఒక నేల, ఒక మనిషి చెయ్యి కలిసి చేసిన పనిని తూచి చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలని అక్కడ తెలిసింది. ఉత్త పొగడ్తతో ఆ పెద్దాయన బెంగ తీరేది కాదు.

మజ్జిగ తాగి లేచాను. ఊళ్లో మిత్రుడి కోసం ఇంకొక చుట్ట అడిగాను. పెద్దాయన కట్ట మీద చెయ్యి వేసి తల అడ్డంగా ఊపాడు.

“ఒకటి రుచికండి, బాబూ. రెండోది అలవాటుకి. అలవాటుకి నేనివ్వను.”