కమఠాణ చేలమీద

దసరా సెలవులకు బీదరు దాపున కమఠాణ వెళ్ళాము. ఎర్రనేల, పూతకొచ్చిన కందిచేలు. బీదరు వైమానిక స్థావరంలో శిక్షణ పొందేవారి హాక్ విమానాలు తలమీదుగా పోతున్నాయి.

"మనమూ ఒకటి కొందామా, మామయ్యా?" అన్నాడు మేనల్లుడు.

చిన్న సెస్నా 172లో నలుగురు కూర్చోవచ్చు. కాని నడపడానికి 17 ఏళ్ళు నిండాలి. 40 గంటలైనా ఎగిరి లైసెన్సు పొందాలి. గంటకు 30 లీటర్లకు పైగా పెట్రోలు. ఎగిరినా ఎగరకున్నా తనిఖీ, షెడ్డు అద్దె, బీమా తప్పవు.

"ఇంజను ఒక్కటేనా?"

"1932లో టాటాగారు కరాచీనుండి బొంబాయికి టపా తెచ్చిందీ ఒంటి ఇంజనుతోనే."

"అది ఆగిపోతే?"

"రాయిలా పడదురా. కిలోమీటరు ఎత్తునుంటే సుమారు 9 కిలోమీటర్లు జారుతూ పోవచ్చు. ఆలోగా దిగడానికి చేను వెతుక్కోవాలి."

వాడు కందిపూతవంక చూశాడు.

"మన చేను వద్దు మామయ్యా, పంట పోతుంది."

మా విమానం అంతటితో నేలకు దిగింది.